వర్తకమున వెఱపేల?

మన గ్రామములలో పొలము కొన్నవాడు బుద్ధిమంతుడు, సరకు చేసి యమ్మువాడు జూదరి! ఈ తలంపు మనల నింకెంతకాలము కట్టివేయవలెను?

కృష్ణామండలమున ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయినగరమున అమృతాంజనమును స్థాపించిరి. పేరెఱుగని లేపనమును ఎవరు కొందురు? పంతులుగారు అంగడిలో కూర్చుండి బేరమునకై యెదురుచూడలేదు. సంగీతసభలకు వచ్చినవారికి మందును ఊరక పంచిపెట్టిరి. తలనొప్పి తీఱినవాడు మఱునాడు వెలయిచ్చి కొనక మానునా? ఊరక యిచ్చుట నష్టమని మన షావుకారులు లెక్కవేయుదురు. విత్తనము చల్లుట నష్టమని యే రైతును అనడు గదా!

అయితే ఒక్కమాట. మందు పనిచేయనిచో ఆ పంపకమే దాని యపకీర్తిని ఇంటింటికిని చేర్చియుండును. ప్రకటనలకు వేలు వ్యయించి సరకును మాత్రము పలుచన చేయు నేటి వ్యాపారులు కొందఱు దీనిని గమనింపకున్నారు.

ఆ లాభమే 1908లో వారపత్రికగా వెలువడి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికయైన ఆంధ్రపత్రికకు ఆధారమైనది. ఇంటి కుఱ్ఱవాడు చిన్న పరిశ్రమకు మూలధనమడుగగా, ఆ సొమ్ముతో నింకొక యెకరమునకు బయానా యిచ్చివచ్చు తండ్రులు ఈ లెక్కను ఒక్కసారి చూచుకొందురు గాక.