రిపోర్టులో '30 శాతం' అంటే వ్యాధి పాకినట్లా?

ప్రశ్న: నా భార్య వయస్సు 46. రొమ్ములో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్ష చేయించాము. కేన్సర్ అన్నారు. రిపోర్టులో 'కె.ఐ.-67: 30 శాతం' అని వ్రాశారు. ఒంట్లో 30 శాతం పాకిపోయిందని మా బంధువులు అంటున్నారు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమె సరిగా అన్నం తినడంలేదు. ఇంక వైద్యం దేనికంటోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బంధువులు పొరబడ్డారు. ముందు ఆ సంగతి ఆమెకు చెప్పండి. వ్యాధి ఎంతవరకు పాకిందో చెప్పే అంకె కాదది.

ఒక కణం రెండు కావాలంటే ముందు తనలోని డి.ఎన్.ఎ.ని రెట్టింపు చేసుకోవాలి. ఈ పనిని కనిపెట్టడానికి 1957లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేశారు. డి.ఎన్.ఎ.కి ముడిసరుకైన థైమిడిన్‌కు రేడియోధార్మిక హైడ్రోజన్‌ను చేర్చి చిక్కుడు జాతి మొక్క వేళ్ళకు అందించారు. కొత్త డి.ఎన్.ఎ. తయారైనచోట ఫోటో ఫిల్ము మీద నల్లని చుక్కలు పడ్డాయి! ఆ తర్వాత రేడియోధార్మికత అవసరం లేని పద్ధతులూ వచ్చాయి. అయితే వీటన్నిటికీ కణం బ్రతికి ఉండి ఆ పదార్థాన్ని తీసుకోవాలి. ఫార్మలిన్‌లో వేసి పంపిన ముక్కలో బ్రతికిన కణాలు ఉండవు కదా!

అందుకని ఆసుపత్రుల్లో మరో దారి పట్టారు. విశ్రాంతిగా ఉన్న కణంలో కనిపించక, విభజనకు పూనుకున్న కణంలో కనిపించే ప్రొటీను ఒకటుంది. దాన్ని పట్టి ఇచ్చే యాంటీబాడీని 1983లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కీల్ నగరం పేరులోని మొదటి రెండు అక్షరాలకు నమూనా సంఖ్య 67 కలిపి దానికి పేరు పెట్టారు. ఈ పరీక్షలో అలాంటి కణాల కేంద్రకాలు గోధుమరంగులో కనిపిస్తాయి. మీ రిపోర్టుకు అర్థం ఇదే: ఆ ముక్కలోని కేన్సర్ కణాలను నూరు లెక్కపెడితే, 30 కణాలు విభజన పనిలో ఉన్నాయి. అవన్నీ ఆ క్షణాన డి.ఎన్.ఎ.ని రెట్టింపు చేస్తున్నాయనీ కాదు. ఆ పనికి ముందు, వెనుక దశల్లో కూడా రంగు పడుతుంది.

30 శాతం ఎక్కువ క్రిందే లెక్క. గడ్డ చురుకుగా పెరిగే రకం కనుక ఆలస్యం పనికిరాదు. అంతమాత్రాన నిరాశ పడనక్కరలేదు. విభజన చెందే కణాల మీదనే కీమోథెరపీ మందులు ఎక్కువగా పనిచేస్తాయి. పైగా ఈ ఒక్క అంకెను బట్టి వైద్యం నిర్ణయించరు. గడ్డ సైజు, చంకలోని గ్రంథులు, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్-2 పరీక్షల ఫలితాలు అన్నీ కలిపి చూస్తారు. లెక్కింపులో ఒక లాబొరేటరీకీ మరొక దానికీ కొంత తేడా రావడమూ మామూలే.

వ్యాధి పాకిందీ లేనిదీ శరీర పరీక్ష, స్కానింగులు చెప్పాలి. ఆపరేషన్ ముందా, మందులు ముందా అన్నది డాక్టరుగారు నిర్ణయిస్తారు. బంధువుల మాటలు ప్రక్కన పెట్టి, రిపోర్టులన్నీ తీసుకుని ఈ వారంలోనే ఆమెను కేన్సర్ వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి.