ఫ్రేములు సరే, మెమరీ ఏది?

2025 జనవరిలో ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ ఆర్‌టీఎక్స్ 5070 చూపించి, 4090 స్పీడు 549 డాలర్లకే అన్నాడు. ఇందులో మతలబు ఉంది. చిప్ ఒక ఫ్రేమ్ గీస్తే, మూడు ఫ్రేముల దాకా ఏఐ ఊహించి కలుపుతుంది. గేమ్‌కి పర్లేదు. మన ప్రాజెక్టు మోడల్ ట్రైన్ చెయ్యడానికి ఆ ఊహించిన ఫ్రేములు ఎందుకూ పనికిరావు. అక్కడ కావాల్సింది మెమరీ. 2021లో వచ్చిన డెస్క్‌టాప్ 3060కి 12 జీబీ ఉండేది. 2025 నాటి 5060కి 8 జీబీయే! మెమరీ వేగం పెరిగింది, నిజమే. మోడలే పట్టకపోతే ఆ వేగం ఏం చేసుకుంటాం?

విశాఖలో ఏఐ హబ్‌కి గూగుల్ అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానంది. పెద్ద చిప్‌లు మన పక్కకే వస్తాయన్నమాట. విజయనగరం హాస్టల్లో మాత్రం ‘అవుట్ ఆఫ్ మెమరీ’యే. అందుకే కొత్త కార్డు ఏది వచ్చినా ముందు జీబీలు చూడండి. సీనియర్లెవరైనా పాత 12 జీబీ 3060 అమ్ముతుంటే బేరమాడండి, వదలకండి.