లేఖా సంపాదకుని బాధ్యత

జర్మన్ తత్త్వవేత్త ఎర్న్‌స్ట్ కసీరర్ (1874–1945) నవ్య కాంటువాదులలో అగ్రగణ్యులు; మార్‌బుర్గ్‌లో హెర్మన్ కోహెన్ శిష్యులు. ఆయన విద్వద్విషయక లేఖలలో ఎంపిక చేసినవి జాన్ మైకేల్ క్రోయిస్ సంపాదకత్వంలో 2009లో హాంబుర్గ్ నుండి గ్రంథరూపంలో వెలువడ్డాయి.

లేఖల సేకరణ సులభసాధ్యం కాదు. గ్రంథకర్త రాతప్రతి ఆయన వద్దనే ఉంటుంది. ఆయన రాసిన ఉత్తరం అందుకొన్నవారి ఇంటికి చేరుతుంది. సాపేక్షతా సిద్ధాంతంపై తాము రచించిన గ్రంథపు రాతప్రతిని ముద్రణకు ముందే కసీరర్ ఐన్‌స్టీన్‌కు పంపారు. ఆ ఐన్‌స్టీన్ పత్రాలు నేడు జెరూసలేంలో ఉన్నాయి. మిత్రుడు ఆబీ వార్‌బుర్గ్ పత్రాలు లండన్‌లోను, మోరిట్జ్ ష్లిక్ పత్రాలు నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లోను ఉన్నాయి. కసీరర్ సొంత రాతప్రతులో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఒక విద్వాంసుని రాతలు ఇన్ని దేశాల పాలు కావడానికి ప్రధాన కారణం రాజకీయమే. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే యూదుడైన కసీరర్ హాంబుర్గ్‌లోని ఆచార్య పదవిని వీడి ఆక్స్‌ఫర్డ్‌కు, అటుపై స్వీడన్‌కు, 1941లో అమెరికాకు వెళ్ళవలసివచ్చింది. వార్‌బుర్గ్ గ్రంథాలయం సైతం 1933లోనే ఓడలపై లండన్‌కు తరలిపోయింది.

'విద్వద్విషయకం' అనే విశేషణం వద్దనే అసలు చిక్కు ఉన్నది. జ్ఞానమీమాంస గల లేఖను గ్రహించి, కొలువు కోసం వెదకులాట గల లేఖను త్రోసివేయడం తేలిక. కాని ప్రవాసంలోని పండితునికి ఈ రెండింటి నడుమ గోడ ఉండదు. ఏ గ్రంథాలయం అందుబాటులో ఉన్నది, ఏ భాషలో బోధించాలి అన్నవే ఆయన ఏమి రాయగలరో నిర్ణయిస్తాయి. 1944లో వెలువడిన మానవస్వభావ గ్రంథాన్ని కసీరర్ జర్మన్‌లో గాక ఆంగ్లంలో రాశారంటే అది ఆ వలస ఫలితమే.

ఏరుకోవడం సంపాదకుని హక్కు; ఏరగా మిగిలినదానిని దాచడం హక్కు కాదు. ముద్రణలో చోటు దక్కని లేఖలను కూడా డీవీడీలో పొందుపరచి ఆ సంపుటికి జతచేయడం ఈ దృష్టితో మిక్కిలి మెచ్చదగినది. వ్యక్తిగత విషయాలను బయటపెట్టడం అమర్యాద కాదా అనే శంక న్యాయమైనదే. అట్టి వాక్యాన్ని తొలగిస్తే తొలగించినట్లు చెప్పాలి. తేదీ లేని లేఖకు తేదీని ఊహిస్తే ఆ ఊహను కుండలీకరణాలలో ఉంచాలి.

సంపుటి వెలువడిన మరుసటి ఏడే, 2010లో, క్రోయిస్ మరణించారు. ఇకపై దొరికే లేఖలను చేర్చబోయేవారు ఆయనను అడగలేరు. ఆయన విడిచిన గుర్తులనే చదువుకోవాలి.