దరఖాస్తు పెట్టనివారు

ఉద్యోగ ప్రకటనలో జీతముతోబాటు పనిచేయు చోటునుగూడ యువజనులు నేడు వెదకుచున్నారు. 2020 మార్చిలో కరోనా వలన హైదరాబాదు కార్యాలయములు మూతపడగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులనేకులు స్వగ్రామములనుండియే పని సాగించిరి. పిమ్మట సంస్థలు వారిని మరల పిలువనారంభించినవి. అమెజాన్ 2025 జనవరినుండి వారమునకు ఐదు దినములు రావలెనన్నది.

ఇంటినుండి పనియన్న సోమరితనమేయని తలచువారు (వారిలో అధికారులే హెచ్చు) చైనాలోని ట్రిప్.కామ్ సంస్థ అనుభవమును గమనింపవలెను. అచట 2021-22లో 1,612 మందిపై పరిశీలన జరిగినది. వారమునకు రెండు దినములు ఇంటినుండి పనిచేయనిచ్చినచో, ఉద్యోగము మానువారు మూడవవంతు తగ్గిరి. స్త్రీలలోను, దూరమునుండి వచ్చువారిలోను ఈ మేలు స్పష్టముగా కనబడినది. పనిలో లోటు లేదు. ఒకరు మానినచో మరియొకరిని వెదకి, తర్ఫీదొసగు వ్యయమంతయు సంస్థదే గదా!

నిత్యము హాజరు కావలెనన్న నిబంధన చూచి, పసిబిడ్డ తల్లియు, వృద్ధులైన తలిదండ్రులను విడిచిరాలేని పలాస పట్టభద్రుడును అసలు దరఖాస్తే పెట్టరు. తానెవరిని పోగొట్టుకొనినదో సంస్థకు తెలియనే తెలియదు. కొత్తవారు పెద్దల ప్రక్కన కూర్చుండి నేర్వవలసినది కలదు, నిజమే. అందులకు మొదటి ఆరు నెలలు చాలవా?