పుట్టగొడుగు విత్తనానికీ వంశచరిత్ర అవసరం

పుట్టగొడుగుల బెడ్లు విఫలమైనప్పుడు విస్తరణ సిబ్బంది దృష్టి సాధారణంగా గడ్డి శుద్ధి, తేమ, ఉష్ణోగ్రత, ఆకుపచ్చ బూజు వంటి అంశాలపైకి మళ్లుతుంది. ఇవన్నీ పరిశీలించదగినవే. అయితే శిలీంధ్రజాలం బెడ్డంతా తెల్లగా అల్లుకొని, బూజు జాడ లేకపోయినా మొగ్గలు రానప్పుడు రైతు శుభ్రతను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. విత్తనపు పుట్టుకను కూడా ప్రశ్నించవలసి ఉంటుంది. అందుకు సంయోగ రకాల జన్యుశాస్త్రంతో పరిచయం తప్పనిసరి.

ముత్యపు చిప్ప పుట్టగొడుగులో సంయోగాన్ని ‘ఎ’, ‘బి’ అనే రెండు జన్యుకారకాలు నియంత్రిస్తాయి. ‘ఎ’ స్థానంలోని జన్యువులు హోమియోడొమైన్ ప్రోటీన్లను, ‘బి’ స్థానంలోనివి ఫెరోమోన్లను, వాటి గ్రాహకాలను నిర్దేశిస్తాయి. ఈ రెండు స్థానాలలోనూ భేదమున్న తంతువులు కలిసినప్పుడే ఫలవంతమైన ద్వికేంద్రక శిలీంధ్రజాలం ఏర్పడుతుంది. ఒకే పుట్టగొడుగు నుండి నాలుగు సంయోగ రకాల సిద్ధబీజాలు వెలువడతాయి. వాటిని యాదృచ్ఛికంగా జతపరిస్తే సుమారు 25 శాతం జతలే ఫలిస్తాయి. కనుక ఒక్క సిద్ధబీజం నుండి పెంచిన వర్ధనం జొన్న గింజలపై చక్కగా వ్యాపించినా సాధారణంగా పంటనివ్వదు. అనేక సిద్ధబీజాల వర్ధనంలో జతలు కుదురుతాయి గానీ తల్లి లక్షణాలు యథాతథంగా నిలవవు. పుట్టగొడుగు లోపలి కణజాలం నుండి తీసిన వర్ధనమే తల్లిలోని రెండు రకాల కేంద్రకాలనూ నిలుపుకొంటుంది.

ముత్యపు చిప్ప మాతృవర్ధనాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే, ద్వికేంద్రక తంతువుల అడ్డుగోడల వద్ద క్లాంప్ సంధానాలు కనిపిస్తాయి. అవి లేకపోతే ఆ వర్ధనాన్ని విత్తన తయారీకి వాడరాదు. అయితే ఈ పరీక్షను అన్ని జాతులకూ వర్తింపజేయడం పొరపాటు. వరిగడ్డి పుట్టగొడుగులోను, బటన్ పుట్టగొడుగులోను క్లాంప్ సంధానాలు ఉండవు. బటన్ రకంలో చాలావరకు ఒక్కో బెసీడియంపై రెండే సిద్ధబీజాలు ఏర్పడి, ప్రతి దానిలోకీ రెండేసి కేంద్రకాలు చేరుతాయి. అందువలన ఒక్క సిద్ధబీజమే తరచుగా పంటనివ్వగలదు. ఒక జాతి నియమం మరొక జాతికి చెల్లదన్నదే విద్యార్థి ముందుగా గ్రహించవలసిన పాఠం.

రైతుకు జన్యుశాస్త్రం ఎందుకన్న అభ్యంతరం రావచ్చు. రైతుకు అవసరం లేకపోవచ్చు. విత్తనం తయారుచేసేవారికి, దానిని సిఫారసు చేసేవారికి అవసరమే. వరి విత్తన సంచిపై వివరాలు కోరే వ్యవస్థ, పుట్టగొడుగు విత్తనపు సంచిపై తయారీ తేదీతో సరిపెట్టుకోరాదు. వర్ధనం కణజాలం నుండి తీసినదా, సిద్ధబీజాల నుండి తీసినదా, ఎన్నిసార్లు ఉపవర్ధనం చేసినదన్న వివరాలు కూడా నమోదు కావాలి.

కణజాల వర్ధనం రకాన్ని నిలుపుతుంది గానీ కొత్త రకాన్ని ఇవ్వదు. నెదర్లాండ్స్‌లోని హోర్స్ట్‌లో రూపొంది 1980ల ఆరంభంలో విడుదలైన యు-1 సంకరం తరువాత, ప్రపంచ మార్కెట్లోని తెల్ల బటన్ రకాలు చాలావరకు దాని సమీప బంధువులుగానే మిగిలాయి. ఈ సంకుచిత జన్యు పునాది ఒక హెచ్చరిక. వేసవి వేడిని తట్టుకునే రకాలు కావాలంటే భిన్న ప్రాంతాల సహజ రకాల నుండి ఏక సిద్ధబీజ వర్ధనాలను సేకరించి, సంయోగ రకాలను గుర్తించి, సంకరపరచాలి. రైతు బెడ్డులో నిష్ఫలమయ్యే ఏక సిద్ధబీజ వర్ధనమే ప్రజననకారుని చేతిలో మూలధనం. ఆ రెంటి భేదం తెలిసిన విస్తరణ శాస్త్రవేత్తే రైతు నష్టానికి సరైన కారణం చెప్పగలడు.