జొన్నరొట్టెకు గౌరవమట!

హైదరాబాద్ పెద్ద హోటళ్ళు జొన్నరొట్టెకు గౌరవం తెచ్చాయని ఆదివారం సంచికల నుంచి టీవీ వంటల దాకా అందరిదీ ఒకటే పాట. 2019లో యునెస్కో ఈ నగరాన్ని ఆహారకళల్లో సృజనాత్మక నగరంగా గుర్తించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు అరచేతిలో సగం కూడా లేని రొట్టె నల్లరాతి పలక మీద, పక్కన చుక్కంత పచ్చడితో, ‘మరుగున పడ్డ మన వారసత్వం’ అన్న పేరు పెట్టుకుని బల్ల మీదికి వస్తున్నది. మరుగున పడేసిందెవరో, ఎందుకో మెనూలో రాయరు.

వంటవాళ్ళతో నాకు పేచీ లేదు, పనితనం పనితనమే. నిజాం కట్టడమైన ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలయింది. నూటొక్క మంది వరుసగా కూర్చునే బల్ల దగ్గర నిజాం భోగాన్ని అమ్ముకుంటున్నారు. అమ్ముకోనీ, అందులో దాపరికం లేదు. గరీబు కూటికి కథ అల్లి, ఆ కథకు ధర కట్టి, పైగా ఆ గరీబుకే ఉపకారం చేశామనడం దగ్గరే నా అభ్యంతరం.

నాగార్జునసాగర్ రోడ్డున మాల్ అనే ఊరి దాకా పోయి పక్కకు తిరిగితే నల్లగొండ జిల్లా మర్రిగూడ. అక్కడ జొన్న ఎవరో చిన్నచూపు చూడటం వల్ల పోలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. బోర్లు పడ్డచోట వరి, పడనిచోట పత్తి, నాలుగు డబ్బులున్నవాళ్ళకు బత్తాయి తోట. చుట్టూ పత్తి ఉండి ఒక్కడే జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ చెలక మీదే వాలతాయి. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పడానికి ఇప్పుడు మనిషేడి?

రొట్టె సంగతీ చూడండి. జొన్నపిండికి సాగే గుణం లేదు. మసిలే నీళ్ళు పోసి, చెయ్యి కాలుతుండగానే మర్దించాలి. పీట మీద తడుతూ తిప్పుతూ అంచు పగలకుండా పలుచగా చెయ్యాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డ అద్ది తిప్పెయ్యాలి. వేడి మీద తింటేనే దాని కమ్మదనం, ఆరితే గట్టిపడుతుంది. ఇంట్లో పదిమంది తింటుంటే ఒకామె పొయ్యి ముందు నుంచి లేవదు. కూలికి పోయి వచ్చిన ఆడమనిషికి కుక్కర్లో అన్నం పెట్టుకోవడం సుఖమనిపించింది. అందులో ఆమె తప్పేముంది? ‘అమ్మమ్మ చేతి రుచి’ అని రాసేవాళ్ళు ఆ చేతి బొబ్బల్ని మరిచిపోతారు.

ఇంతకన్నా పెద్ద అబద్ధం ఆరోగ్యం పేరుతో జరుగుతున్నది. జొన్న తిన్న తాతలు ఉక్కుముక్కల్లా ఉండేవారట! మర్రిగూడ మండలంలో ఆ మాట అనండి చూద్దాం. బట్లపల్లి, శివన్నగూడ ఇదే మండలంలోవి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ప్రమాదమంటారు. ఇక్కడి బోర్ల నీళ్ళు ఆ హద్దును ఎంతో దాటి తరాల ఎముకలను వంచాయి. 1970లలో తార్నాక జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అన్నం తినేవాళ్ళ కన్నా జొన్న తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నదని గమనించారు. తర్వాత అదే సంస్థ చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని చూపింది. రొట్టెలోకి పచ్చిపులుసు నంజుకునే ఊళ్ళకు ఇది ఆసక్తికరమే. జొన్న చెడ్డదని కాదు, మంచి నీళ్ళున్నచోట మంచి తిండే. కానీ తాగే నీళ్ళను వదిలి తిండిని మాత్రమే పొగిడితే అది సగం మాట. ఫ్లోరోసిస్ బాధితుల గొంతుగా నిలిచిన శివన్నగూడ అంశల స్వామి చనిపోయింది 2023 జనవరిలో, చిరుధాన్యాల సంవత్సరం మొదలైన నెలలోనే. ఆయన ఒంటికి ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ‘మన పూర్వీకుల ఆరోగ్య రహస్యం’ అని అంత తేలిగ్గా అచ్చు వేయలేరు.

హోటళ్ళలో గిరాకీ పెరిగితే రైతుకు మేలే కదా అని ఒక వాదన ఉంది. ఎంత గిరాకీ? చిట్టి రొట్టెకు పట్టే పిండి ఎంత? 2024-25లో హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాకు 3,371 రూపాయలు. ఫలక్‌నుమా లాంటి హోటల్లో ఇద్దరు తింటే బిల్లు ఆ అంకెను దాటుతుంది. ఆ బిల్లులో జొన్న వాటా లెక్క తీస్తే పైసలే.

పొలంలోకి పంట రావాలంటే కొనే చెయ్యి పెద్దదై ఉండాలి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి, తెలంగాణలో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం రేషన్‌లో ఇస్తున్నారు. పేదవాడు సన్నబువ్వ తినడాన్ని నేను తప్పుపట్టను, ఇన్నాళ్ళూ దొడ్డుబియ్యం తిన్నది చాలు. పక్కనే కర్ణాటకలో రేషన్ దుకాణంలో రాగులు, ఉత్తర జిల్లాల్లో జొన్నలు ఇచ్చిన అనుభవం ఉంది. ఇక్కడ ఆరు కిలోల్లో ఒక కిలో, కావాలన్నవాళ్ళకు, పచ్చజొన్న ఇవ్వొచ్చు. దాన్ని నల్లగొండ, పాలమూరు చెలకల్లోనే కొనొచ్చు. అంగన్‌వాడీలో, హాస్టల్లో వారానికో పూట రొట్టె పెట్టొచ్చు. అయితే చేసేవాళ్ళకు కూలి కట్టివ్వాలి, లేదంటే మళ్ళీ ఆ ఆడమనిషి చేతులే కాలతాయి.

హోటలువాళ్ళకు నిజంగా ఆ గౌరవమే కావాలంటే దారి చాలా సులువు. మెనూలో వారసత్వం గురించి రాసే నాలుగు వాక్యాలు తీసేసి, జొన్న ఏ ఊరిలో కొన్నారో, క్వింటాకు ఎంత ఇచ్చారో వెయ్యండి.