స్విచ్ బంద్ అంటే ఖతరా బంద్ కాదు

మామునూరులో మళ్లీ విమానాలు దిగుతయన్న ఖబర్ వచ్చినప్పటి నుంచి మా ఎనుమాముల మార్కెట్ దగ్గర చాయ్ హోటళ్లల్ల అదే ముచ్చట. నిజాం హయాంల కట్టిన ఆ మైదానం షాన్ గురించి పెద్దలు చెప్తుంటే వినబుద్ధయితది. నాకైతే విమానం ఎక్కినోళ్ల కంటే, దాని ముందు నిలబడి పంఖా తిప్పిన పేరులేని మజ్దూర్లే ఎక్కువ యాదికొస్తరు.

రెండో ప్రపంచ జంగ్ కాలంల బేగంపేటల ఫౌజీ పైలట్లు టైగర్ మాత్ విమానాల మీద నేర్చుకున్నరు. వాటికి సెల్ఫ్ స్టార్టర్ లేదు. ఒక మనిషి ముందు నిలబడి, పంఖా రెక్క పట్టి గుంజితేనే ఇంజన్ అందుకునేది. కొన్ని పాత చిన్న విమానాలు ఇప్పటికీ అంతే.

ఖతరా ఎక్కడున్నదంటే, ఇంజన్‌ల నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు బ్యాటరీ జరూరత్ లేదు. స్విచ్ ఆఫ్ చేసుడంటే ఒక తీగతోని దాన్ని ఆపుడే. ఆ తీగ తెగితే స్విచ్ బంద్ ఉన్నా రెక్క జిందానే. ఊరికె కదిలించినా ఇంజన్ లేవొచ్చు. అందుకే ఉసూల్ పెట్టుకున్నరు: చక్రాలకు అడ్డం పెట్టాలె. లోపల బ్రేక్ తొక్కి జానకార్ మనిషి కూసోవాలె. ఇద్దరు గట్టిగ మాట చెప్పుకోవాలె. రెక్కకు వేళ్లు చుట్టొద్దు. గుంజుతనే వెనక్కి జరగాలె. మెడల రుమాల్ ఉండొద్దు.

మనకెందుకీ విమానాల కహానీ అంటరా? స్లాబు పోసే చోట మిల్లర్ ఇంజన్ చూడండి. హ్యాండిల్ తిప్పేది చాలాసార్లు అందరికంటే చిన్న పోరడే. ఇంజన్ ఉల్టా తన్నితే మణికట్టు ఇరుగుతది. హ్యాండిల్ ఇరుక్కుంటే ఇంజన్‌తోపాటు గిర్రున తిరిగి మొఖం మీదికొస్తది. బొటనవేలు మిగతా వేళ్ల దిక్కే ఉంచాలన్న చిన్న మాట సుత ఆ పోరనికి ఎవరూ చెప్పరు. "హిమ్మత్ లేదారా?" అని మాత్రం అంటరు.

నా రాయి సాఫ్. ఇది హిమ్మత్ ముచ్చట కాదు, హునర్ ముచ్చట. హునర్ నేర్పే జిమ్మేదారి ఉస్తాద్‌ది. సెల్ఫ్ స్టార్టర్ పెట్టించే జిమ్మేదారి మాలిక్‌ది. పైసలు లేవంటే, కనీసం నేర్చినోని చేతికే హ్యాండిల్ ఇవ్వాలె. చెయ్యి పోయినంక దవాఖాన ఖర్చు పెట్టుకున్నా, ఆ పోరని రోజీ వాపసు రాదు. దాన్ని తఖ్దీర్ అనకండి, అది మన గఫ్లత్.